ఆగి కొట్టాలె అమ్మా!

"ఊకె నొక్కకు అమ్మా. ఆగి కొట్టాలె!"

మా అమ్మాయి నాకీ మాట చెప్పడం ఎన్నోసారో లెక్కలేదు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం. మా కరీంనగర్ ఎండ సంగతి మీకు చెప్పాలా! భోజనాలయ్యాక కాసేపు నడుం వాల్చాల్సిన వేళ, నేను టీవీ ముందు చాప మీద కూర్చుని, రెండు చేతుల్లో కంట్రోలర్ పట్టుకుని ఏ మీట దొరికితే ఆ మీట నొక్కేస్తున్నాను. తెర మీద నా మనిషి, గడ్డం ర్యూ, నేల కరిచాడు. లేచాడు. లేచాడో లేదో మళ్లీ తన్నులు. మళ్లీ నేల. నేను వంద నొక్కితే ఒక్కటీ తగలదు. అది నాలుగు నొక్కితే నాలుగూ తగులుతాయి.

ఈ ఆట పెట్టెను పోయిన దసరాకు మా తమ్ముడు తెచ్చిచ్చాడు. మేనమామ కదా, కాదనలేకపోయాను. ఆట పేరు స్ట్రీట్ ఫైటర్ 6. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి కొట్టుకోవడమే. ఆడపిల్లకు ఈ తన్నులాటేమిటని మొదట్లో గొణిగాను. పరీక్షల ముందు కంట్రోలర్ తీసి బీరువాలో చీరల కింద దాచాను కూడా. పరీక్షలయ్యాక తీసిస్తే అది ఒక షరతు పెట్టింది. "నువ్వు నాతోని పది రోజులు ఆడు. అప్పటికీ నచ్చకపోతే నేనే బంద్ చేస్త" అంది. పందెం బాగానే ఉందనుకున్నాను. వేలు తిప్పడం తప్ప ఇందులో ఏముందిలే అని నా ధీమా!

మూడో రోజుకే తెలిసింది, నాకు వేళ్లు తిరగకపోవడం కాదు, ఆగడం రావడం లేదని.

రెప్పపాటులో ఎన్ని కిటికీలు?

సినిమా రీలులో బొమ్మలు ఒకదాని వెనక ఒకటి కదిలినట్టే ఈ ఆట కూడా బొమ్మల వరుసే. సెకనుకు 60 బొమ్మలు. ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. ఆటలో కాలం లెక్కంతా ఈ ఫ్రేముల్లోనే. ఒక గుద్దుకు మూడు భాగాలుంటాయి. చెయ్యి బయటికి రావడానికి కొన్ని ఫ్రేములు, తగిలే స్థితిలో ఉండేవి కొన్ని, చెయ్యి వెనక్కి తీసుకోవడానికి కొన్ని. దెబ్బ తిన్నవాడు తూలి నిలదొక్కుకోవడానికి మరికొన్ని. నా చెయ్యి ముందు వెనక్కి వచ్చేసి, వాడింకా తూలుతూనే ఉంటే... ఆ సందులో రెండో దెబ్బ పడాలి. అలా గొలుసు కట్టిన దెబ్బలే కాంబో. మొదటిది తగిలితే చాలు, రెండోదాన్ని వాడు ఆపలేడు.

మా అమ్మాయి కూరగాయల లెక్కంత తేలిగ్గా చెప్పింది. నా చెయ్యి వెనక్కి వచ్చాక వాడు ఇంకా 7 ఫ్రేములు తూలుతాడనుకోండి. నా రెండో గుద్దు 5వ ఫ్రేములో తగులుతుందనుకోండి. అంటే నేను మీట నొక్కడానికి ఉన్నది మొత్తం 3 ఫ్రేములు. సెకనులో ఇరవయ్యో వంతు! రెప్ప వేసి తెరిచేంత సేపు కూడా కాదు. ముందు నొక్కితే మొదటి చెయ్యి ఇంకా వెనక్కి రాలేదు కాబట్టి ఆట వినదు. ఆలస్యమైతే వాడు కాచుకుంటాడు. దీన్ని లింక్ అంటారు.

"మరి చూసి నొక్కితే?" అన్నాను. అక్కడే ఉంది కిటుకు. మన కంటికి ఒకటి కనబడి, మెదడుకు తెలిసి, వేలు కదిలేసరికి సుమారు పావు సెకను. అంటే 15 ఫ్రేములు. 3 ఫ్రేముల కిటికీని చూసి పట్టుకోవడం మనిషి వల్ల కాదు. చూడకముందే వేలు బయల్దేరాలి. ఎప్పుడు బయల్దేరాలో చెప్పేది కన్ను కాదు, లయ. మొదటి మీటకీ రెండో మీటకీ మధ్య ఎంత ఎడమో వేలికి గుర్తుండాలి. అందుకే పిచ్చిపిచ్చిగా నొక్కితే లాభం లేదు. నేను నొక్కే వందలో ఒకటి ఆ కిటికీలో పడుతుంది, నిజమే. కానీ దానికి ముందు పడ్డ తప్పు మీట నా మనిషిని ఇంకెక్కడో ఇరికించి ఉంటుంది.

ఇంకో పద్ధతి క్యాన్సిల్. తన్నిన కాలు వెనక్కి తీసుకోవడం పూర్తి కాకుండానే, దాన్ని మధ్యలో తుంచి పెద్ద దెబ్బ వేయడం. ఇక్కడ ఆగకూడదు, ముందే మొదలుపెట్టాలి. ఎడమ బొటనవేలు కింది నుంచి ముందుకు పావు చుట్టు తిప్పుతుండగానే కుడి వేలు తన్ను మీట నొక్కాలి. లింకుకు నిదానం, క్యాన్సిల్‌కు తొందర. రెండూ ఒకే గొలుసులో వస్తాయి. నాకు ఎక్కడ నిదానమో అక్కడ తొందర, ఎక్కడ తొందరో అక్కడ నిదానం!

ఈ కాంబోలు ఎవరో కూర్చుని కనిపెట్టినవి కావంటే నమ్ముతారా? జపాన్‌లోని క్యాప్‌కామ్ కంపెనీ 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 తెచ్చింది. తయారీ రోజుల్లో, నొరితాకా ఫునామిజు అనే ఆయన కారును బద్దలు కొట్టే ఘట్టాన్ని పరీక్షిస్తుంటే, ఒక దెబ్బ పడే చోట ఇంకోటి కూడా పడుతోంది. సరైన క్షణంలో నొక్కితే రెండు కలుస్తున్నాయి. అంత సూక్ష్మంగా ఎవరు నొక్కుతారులే అని తప్పును దిద్దకుండా వదిలేశారు. జనం పట్టేశారు. ఆ వదిలేసిన తప్పు మీదే తర్వాతి ముప్పై ఏళ్ల ఆటలన్నీ నిలబడ్డాయి.

2008లో స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చినప్పుడు కొన్ని లింకులకు ఒకే ఒక్క ఫ్రేము కిటికీ ఉండేది. ఆటగాళ్లు దానికీ ఒక ఉపాయం పట్టారు. కావాల్సిన పెద్ద మీట నొక్కి, మరుసటి ఫ్రేములోనే పక్క వేలితో చిన్న మీట నొక్కితే, ఆట ఆ పెద్ద మీటను రెండుసార్లు నొక్కినట్టు లెక్కేస్తుంది. ఒక అవకాశం రెండవుతుంది. డప్పు మీద సిటికెన పుల్లా సిర్రా వెంటవెంటనే పడ్డట్టు రెండు వేళ్లూ జారాలి. ఇప్పటి ఆటల్లో అంత అవస్థ లేదు. కాస్త ముందుగా నొక్కినా కొన్ని ఫ్రేముల వరకు గుర్తుపెట్టుకుని, వేళ కాగానే అదే వేస్తుంది. నాలాంటి వాళ్ల మీద దయ అన్నమాట. ఆ దయ కూడా నాకు చాలలేదనుకోండి.

మద్దెల నిజంగానే ఓడు

ఒకరోజు మా అమ్మాయి విసుక్కుంది. "టీవీ లేటుగ చూపిస్తుంది అమ్మా" అని. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందని నవ్వాను. తీరా చూస్తే దాని మాటే నిజం! పాత డబ్బా టీవీల్లో ఈ బాధ దాదాపు లేదట. ఇప్పటి పలక టీవీలు వచ్చిన బొమ్మకు రంగులు దిద్ది, నునుపు చేసి మరీ చూపిస్తాయి. ఆ అలంకారానికి కొన్ని ఫ్రేములు ఖర్చు. సీరియల్ చూసేవాళ్లకు తెలియదు, ఆడేవాళ్లకు ప్రాణసంకటం. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ అని ఉంటుంది. అది పెడితే ఆ అలంకారాలు చాలామటుకు ఆగిపోతాయి. మీ ఇంట్లో పిల్లలు ఇలాగే గొణుగుతుంటే వెంటనే కసురుకోకుండా ఒకసారి చూడండి. గేమ్ మోడ్ పెట్టిన సాయంత్రమే నేను మొదటిసారి రెండు దెబ్బలు కలిపాను. నేర్పు టీవీదో నాదో చెప్పలేను.

పడ్డవాళ్లు లేచే వేళ

నన్ను అన్నిటికన్నా ఏడిపించింది మాత్రం కాంబో కాదు, పడి లేవడం. పడ్డవాణ్ని ఈ ఆటలో నేల మీద కొట్టలేరు. లేచే దాకా వాడికి దెబ్బ తగలదు. అందుకని మా అమ్మాయి ఏం చేస్తుందంటే, నేను ఇంకా లేవకముందే కాలు విసురుతుంది. చూడటానికి గాలిలో తన్నినట్టే ఉంటుంది. కానీ నేను లేచి నిలబడే మొదటి ఫ్రేముకు ఆ కాలు సరిగ్గా అక్కడ ఉంటుంది. లేస్తూ నేను ఏ మీట నొక్కినా నా చెయ్యి బయటికి రావడానికి ఫ్రేములు కావాలి, దాని కాలు అప్పటికే సిద్ధం. దెబ్బ నాకే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. అది నాకు చాలా నచ్చింది. కాలు చాచి ఉండే ఫ్రేముల్లో మొదటిది కాకుండా చివరిది తగిలేలా చూసుకుంటే, తగిలేసరికే ఆ కాలు వెనక్కి వచ్చే వేళ దగ్గరపడుతుంది. నా తూలు మాత్రం అప్పుడే మొదలు. అంటే దానికి రెండు మూడు ఫ్రేములు మిగులు. మామూలప్పుడు కలవని దెబ్బ ఆ మిగులుతో కలిసిపోతుంది. నెలాఖరుకు వంద రూపాయలు మిగిలితే ఎంత పని జరుగుతుందో మనకు తెలియదా!

మరి లేచేవాళ్లకు దారి లేదా? ఉంది. ఏమీ నొక్కకుండా వెనక్కి పట్టి కాచుకోవాలి. లేదంటే, లేస్తూనే ఏ దెబ్బా తగలని ఒక ప్రత్యేకమైన ఎగిరే గుద్దు ర్యూకు ఉంది, అది వేయాలి. తగిలితే సరే. ఎదుటివాళ్లు పసిగట్టి కాచుకుంటే మాత్రం గాలిలోంచి దిగే దాకా మనం ఉట్టి మీద కుండలం. మా అమ్మాయి నా మొహం చూసే చెప్పేస్తుంది, "ఇప్పుడు ఎగుర్త అనుకుంటున్నవ్ గదా" అని. పడ్డ కోపంలో మనం తప్పకుండా ఏదో ఒకటి నొక్కుతామని దాని నమ్మకం. నూటికి తొంభై సార్లు దానిదే గెలుపు.

ఈ కాచుకోవడంలో ఘనుడు జపాన్ ఆటగాడు దైగో ఉమెహారా. 2004లో కాలిఫోర్నియాలోని పొమోనాలో ఇవో పోటీల్లో అమెరికా ఆటగాడు జస్టిన్ వాంగ్‌తో ఆడాడు. దైగో మనిషికి ప్రాణం దారప్పోగంత మిగిలింది. చేతులడ్డం పెట్టుకున్నా ఆ అదురుకే పోతాడు. అప్పుడు వాంగ్ 15 తన్నుల మహా దెబ్బ వేశాడు. దైగో ప్రతి తన్నుకూ సరిగ్గా వేళకు ముందుకు తట్టి, పదిహేనింటినీ ఒక్కొక్కటిగా తోసేసి, ఆ వెంటే తన కాంబో వేసి గెలిచాడు. మా అమ్మాయి ఆ వీడియో నాకు కనీసం ఆరుసార్లు చూపించింది. అన్నట్టు ఈ దైగో మధ్యలో ఆట మానేసి, వృద్ధులను చూసుకునే కేంద్రంలో కొన్నాళ్లు పనిచేశాడు. నాకు ఆ పదిహేను తన్నుల కన్నా ఈ సంగతే ఎక్కువ గుర్తుండిపోయింది.

వయసు అయిపోయిందని నేను తప్పించుకోబోతే ఇంకొకరి పేరు తీసింది. 2023లో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5కు పతకాలు పెట్టారు. బంగారు పతకం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్ వూకు అప్పటికి 44 ఏళ్లు. మన దేశం నుంచి మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ వెళ్లి ఆడి వచ్చారు. ఇక నేనేం మాట్లాడను!

చెవితోని దంచాలె

మే నెలలో ఆదిలాబాద్ వెళ్లాం, మా అమ్మగారింటికి. జగిత్యాల, నిర్మల్ మీదుగా బస్సులో ఒళ్లు పులిసిపోయేంత ప్రయాణం. మా అమ్మాయి బట్టల బ్యాగు పైకి పెట్టి, ఆట పెట్టె మాత్రం ఒళ్లో పెట్టుకుంది, చంటిపిల్లలా.

మా అమ్మ రెండు రోజులు ఏమీ అనకుండా మమ్మల్ని చూసింది. మూడో రోజు "ఏందే గది, బిడ్డ కొడ్తనే ఉన్నది, నువ్వు పడ్తనే ఉన్నవ్" అంది. ఆ సందు సంగతి చెప్పాను. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య వేళ దొరకడం లేదమ్మా అని. అమ్మ నవ్వింది. "కారం దంచినప్పుడు ఎట్ల దంచినవే?" అంది.

నాకు గుర్తే. మా చిన్నప్పుడు ఎండాకాలం రాగానే కారం దంచుడు ఉండేది. ఒకే రోలు, రెండు రోకళ్లు. ఒకవైపు అమ్మ, ఒకవైపు చిన్నమ్మ. ఒకరిది లేస్తుంటే ఒకరిది పడాలి. ఏమాత్రం తేడా వచ్చినా రోకలికి రోకలి తగిలి చేతులు జిల్లుమంటాయి. నేను పన్నెండేళ్లప్పుడు సరదాపడి రోకలి పట్టుకుని, చిన్నమ్మ రోకలి వంకే కళ్లప్పగించి చూస్తూ దంచబోయి, రెండూ ఢీకొట్టించాను. "చూసి దంచితే చెయ్యి పోతది, చెవితోని దంచాలె" అన్నది అప్పుడు అమ్మే. దమ్, దమ్ అని చప్పుడు వింటూ నీ చప్పుడు ఆ మధ్యలో పెట్టు అంది. కళ్లు మూసుకుని దంచితే వచ్చింది.

ఆ సాయంత్రం తెర వంక చూడటం తగ్గించి, తన్ను తగిలిన చప్పుడు విన్నాను. చప్పుడు, ఎడం, మీట. చప్పుడు, ఎడం, మీట. ఎడం ఎంతో నోటితో అనుకుంటూ నొక్కాను. నలభైసార్లకు పైగా తప్పింది. అభ్యాసం చేసే తెర కింద రంగుల గళ్లుంటాయి. ఒక్కో గడి ఒక్కో ఫ్రేము. ఎంత తొందరపడ్డామో ఎంత ఆలస్యమయ్యామో అందులో కనిపిస్తుంది. నేను ప్రతిసారీ తొందరే. రాత్రి అన్నాల వేళకు లింకు పడింది. మళ్లీ పడింది. మా అమ్మాయి కన్నా మా అమ్మే ముందు చప్పట్లు కొట్టింది.

ఇది మా ఇంటి చాదస్తం అనుకోకండి. నెదర్లాండ్స్‌కు చెందిన స్వెన్ వాన్ డె వెగె అనే ఆటగాడికి చూపు లేదు. చప్పుళ్లు వింటూనే పెద్ద పోటీల్లో ఆడతాడు. స్ట్రీట్ ఫైటర్ 6లో చూపు లేనివాళ్ల కోసం ఇద్దరి మధ్య దూరం ఎంతో చప్పుడుతో తెలిసే ఏర్పాటు కూడా పెట్టారు.

ఆ గడప

ఆదిలాబాద్‌లో ఆ ఆట ఆడుతుంటే నాకు ఇంకోటి గుర్తొచ్చింది. చెప్పాలా వద్దా అని ఆలోచించాను.

1998లో నాకు పదకొండేళ్లు. మా వీధి చివర ఒక వీడియో గేముల దుకాణం ఉండేది. చీకటి గది, నాలుగు పెట్టెలు, రూపాయి బిళ్లకు ఒక ఆట. మా తమ్ముడు బడి నుంచి నేరుగా అక్కడికే. వాడి ప్రాణం ముస్తఫా. దాని అసలు పేరు కెడిలాక్స్ అండ్ డైనోసార్స్. అదీ 1993లో ఈ క్యాప్‌కామ్ వాళ్లు తెచ్చిందేనని నాకు ఈమధ్యే తెలిసింది. వాణ్ని పిలుచుకు రమ్మని అమ్మ నన్ను పంపేది. నేను గడప బయట నిలబడి పిలిచేదాన్ని. వాడు వచ్చేదాకా లోపలికి తొంగిచూస్తూ ఉండేదాన్ని. రంగులు, చప్పుళ్లు, మగపిల్లల వీపులు. ఒకసారి నా చేతిలోనూ రూపాయి ఉంది. గడప దాటి లోపల కాలు పెట్టాను. దుకాణం అతను చేత్తోనే బయటికి సైగ చేశాడు. "ఆడపిల్లలకు లేదమ్మా" అన్నాడు. కోపంగా కూడా కాదు, మామూలుగా. ఆ రూపాయికి ఏం కొనుక్కున్నానో గుర్తులేదు.

మా అమ్మాయికి ఇది చెబితే, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. ఆట తెరిచి తన పేరు చూపించింది. ఇంటర్నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఆడేటప్పుడు పెట్టుకునే పేరు. అబ్బాయి పేరులా ఉంది. "ఆడపిల్ల అని తెలిస్తే పిచ్చి మెసేజ్‌లు పెడ్తరమ్మా. గెలిస్తే ఇంకా ఎక్కువ" అంది. అదీ మామూలుగానే. అది ఎంచుకునే మనిషి చున్-లీ. 1991లో స్ట్రీట్ ఫైటర్ 2లో ఎనిమిది మందిలో ఒకే ఒక్క ఆడమనిషి. తెర మీద అందరికీ చున్-లీ కావాలి. కంట్రోలర్ పట్టుకున్న చేయి మాత్రం ఆడపిల్లది కాకూడదు!

ఆ రాత్రి మేమిద్దరం కూర్చుని సెట్టింగులు చూశాం. తెలియనివాళ్ల మాటలు, సందేశాలు రాకుండా ఆపే ఏర్పాట్లు ఉన్నాయి. అన్నీ పెట్టాం. డబ్బు కట్టే చోట నాకు తెలియకుండా ఏమీ కొనకుండా తాళం వేశాం. బొటనవేలు నొప్పి పుట్టేదాకా ఆడొద్దని, ముప్పావు గంటకోసారి లేవాలని చెప్పాను. పేరు మార్చమని మాత్రం చెప్పలేకపోయాను. ఉంచుకోమనీ అనలేకపోయాను. పంథొమ్మిదేళ్ల వయసులో నేను మొదటి కథ పత్రికకు పంపినప్పుడు పెట్టుకున్న కలం పేరు ఎవరిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా తమ్ముడిది.

వాడు కూడా ఆ ఆదివారం హైదరాబాద్ నుంచి వచ్చాడు. మేనకోడలితో ఆడి ఓడాడు. మళ్లీ ఓడాడు. ఇప్పటికీ ముస్తఫా ఆడినట్టే అన్ని మీటలూ కలిపి బాదుతాడు. "ఇది నాతోని కాదక్కా, నువ్వు ఆడు" అని దాని కంట్రోలర్ నా చేతిలో పెట్టాడు. ఆ దుకాణం గుర్తుందా అని అడిగాను. "ఏ దుకాణం?" అన్నాడు.

మొదటి ఆట వాడిదే. రెండోదాంట్లో నా తన్ను తగిలి వాడి మనిషి పడ్డాడు. నా బొటనవేలు అప్పుడే మీట మీదికి పోయింది. పక్కనుంచి మా అమ్మాయి ఊపిరి బిగబట్టడం వినిపించింది. ఆగాను. వాడు లేచే వేళకు కాలు విసిరాను. వాడు లేస్తూ గుద్దబోయాడు. తగిలింది. ఎడం. రెండోదీ తగిలింది. పావు చుట్టు తిప్పి మూడోది.

"ఇంకో ఆట" అన్నాడు తమ్ముడు చాప మీద ముందుకు జరిగి. వంటింట్లోంచి అమ్మ, అన్నం చల్లారిపోతోందని రెండుసార్లు కేకేసింది. ముగ్గురిలో ఒక్కరమూ లేవలేదు.